ఆదర్శ నిద్రాపరుడు నూకరాజు

మా చింతలగరువులో గడ్డం గీయించుకోవాలంటే ఇద్దరు వెళ్లాలి. ఒకడు గీయించుకోవడానికి, రెండోవాడు మాట్లాడడానికి.

ఊళ్లో ఉన్నది ఒకటే సెలూను. దాన్ని నడిపేది నూకరాజు. చెయ్యి చాలా మంచిది. ఎడమ చెంప మీద కత్తి ఎప్పుడు పెట్టాడో ఎప్పుడు తీశాడో తెలియదు. ఇబ్బందల్లా కుడి చెంపతోనే. అక్కడికి వచ్చేసరికి నిద్రపోతాడు. నిలబడే, కత్తి మన మెడ మీద ఉండగానే. అందుకని తోడు వచ్చిన మనిషి పక్క బల్ల మీద కూచుని "ఏవంటావు నూకరాజూ?" అని అడుగుతూ ఉండాలి. అడిగినంతసేపూ ఊఁ కొడతాడు. ఆపితే గురక మొదలవుతుంది. అప్పుడు కుర్చీలో ఉన్నవాడు కదలకూడదు, అరవకూడదు. తోడు వచ్చినవాడు లేచి, ముందు కత్తి తీసుకుని, ఆ తరవాత మనిషిని లేపాలి. ఈ వరస తెలియని ఒక పొరుగూరి ఆయన ముందు మనిషిని లేపాడు. కుర్చీలో ఉన్న ఆయన తోడల్లుడు, మా ఊరి బుల్లబ్బాయికి సగం మీసం పోయింది. ఆ పొరుగూరాయన మళ్లీ మా ఊరు రాలేదు.

నాకు మాటలు చేతకావు. నన్నెవరూ తోడు పిలవరు. నా గడ్డానికి నేనే బుల్లబ్బాయిని తీసుకెళ్లేవాణ్ని.

ఇంత జరిగినా ఊళ్లో అందరూ నూకరాజుని అదృష్టవంతుడనే అనేవారు. "నిద్రంటే ఆడిదేరా! మంచం అక్కర్లేదు, తలగడ అక్కర్లేదు. మనవున్నాం, పరుపు మీద పడుకుని తెల్లార్లూ దూలాలు లెక్కెట్టుకోడవే" అనేవాడు బుల్లబ్బాయి. నూకరాజు గురక రైసుమిల్లు దాకా వినపడేది. మిల్లు ఆపిన రోజున ఇంకా పైకి వినపడేది.

అదృష్టం అనని మనిషి ఒక్కతే, భద్రమ్మ. అతని భార్య. పెళ్లయిన ఇరవై రెండేళ్లుగా ఆవిడ రాత్రిళ్లు మొగుడి పక్కన కూచుని లెక్కపెడుతోంది. గురక సాగీ సాగీ ఠక్కున ఆగిపోతుంది. ఛాతీ కదులుతూనే ఉంటుంది గాని లోపలికి గాలి పోదు. ఒకటి, రెండు, మూడు అని ఆవిడ లెక్క మొదలుపెడుతుంది. ఇరవై వస్తే భుజం పట్టి కుదుపుతుంది. నీళ్లలో మునిగి పైకి వచ్చినవాడిలా ఒక్క గుక్క పీల్చి మళ్లీ గురక పెడతాడు. మళ్లీ ఆగుతుంది.

"ఏదో ఒకరోజు నాక్కూడా కునుకు పడద్దన్నియ్యా" అంది ఒకసారి నాతో. "ఆ పూట ఇరవై దాటిపోద్ది. అదే నా భయం." 

ఇద్దర్నీ నేనే రాజులమెరక ఆసుపత్రికి తీసుకెళ్లాను. రాజులమెరక మా మండల కేంద్రం. అక్కడి డాక్టరు హైమగారు చిన్న వయసావిడ. నూకరాజు గొంతులో దీపం వేసి చూశారు. టేపు పెట్టి మెడ చుట్టుకొలత తీశారు. బీపీ చూద్దామని చేతికి పట్టీ చుట్టేసరికి ఇతను నిద్రపోయాడు.

"పొద్దున లేవగానే తలనొప్పి ఉంటుందా? నోరు ఎండిపోతుందా?"

"ఉంటాయండి. ఎండుద్దండి. ఊపిరి కూడా ఆగిపోద్దండి" అంది భద్రమ్మ. "గంటకి ముప్పై అయిదు సార్లు."

డాక్టరుగారు రాస్తున్నది ఆపి తలెత్తారు. "ముప్పై అయిదా? ఎలా తెలుసు?"

"లెక్కెట్టానండి."

ఒక రాత్రికి ఆసుపత్రి వాళ్ల చిన్న పెట్టె తెచ్చి నూకరాజు వేలికి, ఛాతీకి తగిలించి పడుకోబెట్టారు. పెట్టెలో ముప్పై నాలుగు అని వచ్చింది. పెట్టె ఒకటి తప్పు లెక్కపెట్టిందంది భద్రమ్మ. ఎందుకైనా మంచిదని డాక్టరుగారు ఎదురు చెప్పలేదు.

"చూడమ్మా, ఇతనికి నిద్ర ఎక్కువ అని మీ ఊళ్లో అనుకుంటున్నారు. అసలు నిద్రే లేదు. పడుకోగానే గొంతులో కండ వదులై గాలిదారికి అడ్డం పడుతోంది. ఊపిరి ఆగేసరికి మెదడు కంగారుపడి లేపుతుంది. ఆ లేవడం అతనికి తెలియదు. రాత్రంతా లేస్తూనే ఉన్నవాడికి పగలు తూగు రాక ఏమొస్తుంది? ఇలాగే వదిలేస్తే గుండెకీ మెదడుకీ ప్రమాదం. కాస్త ఒళ్లు తగ్గాలి, వెల్లకిలా పడుకోకూడదు. వీటితో పాటు ఇతనికి మాస్కు మిషన్ కావాలి. గాలిని మెల్లగా లోపలికి తోస్తూ దారి మూసుకోకుండా చూస్తుంది."

"అదెక్కడ దొరుకుద్దండి?"

"ఇక్కడే, గోడౌనులో నలభై ఉన్నాయి. సుఖనిద్ర పథకం కింద ఉచితం. నేను రాసిస్తాను, దరఖాస్తు పెట్టండి."

సుఖనిద్ర పథకం ఆ ఏడాదే వచ్చింది. జనం సరిగా నిద్రపోవడం లేదని పైన ఎవరికో తెలిసి, జిల్లాకొక నిద్రాభివృద్ధి అధికారిని వేశారు. మా జిల్లాకి వచ్చినాయన పేరు విశ్వపతిరావుగారు. అంతకు ముందు పశుగ్రాసాభివృద్ధిలో పనిచేశారు. మండలాఫీసు హాల్లో శిబిరం పెట్టినప్పుడు మేం ముగ్గురం వెళ్లాం. డాక్టరుగారు కూడా వచ్చారు.

విశ్వపతిరావుగారు దరఖాస్తు ముందేసుకుని కలం మూత తీశారు. "మొదటి అంశం. సదరు దరఖాస్తుదారు నిద్ర పట్టక బాధపడుచున్నాడా? అవును, కాదు. ఏమయ్యా?"

ఆయన తలెత్తి చూశారు. నూకరాజు కుర్చీలో నోరు తెరిచి గురక పెడుతున్నాడు. కిటికీ రెక్క సన్నగా అదురుతోంది.

"ఎంతసేపైంది ఇతను కూర్చుని?"

"ఇప్పుడేనండి" అన్నాడు గుమాస్తా.

విశ్వపతిరావుగారు లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి నూకరాజు మొహంలో మొహం పెట్టి చూశారు. ఆయన కళ్లు చెమర్చాయి. "ఏడు నెలల నుంచి ఈ పథకం నడుపుతున్నాను. నిద్రపోతున్న మనిషిని కార్యాలయ వేళల్లో ఇంత దగ్గరగా చూడడం ఇదే ప్రథమం. బయటివాళ్లలో" అన్నారు.

"సార్, అది జబ్బు లక్షణం" అన్నారు డాక్టరుగారు.

"డాక్టరమ్మా, నిద్ర పట్టనివాడు నిద్రరోగి. ఇది నిబంధన మూడు. ఇతనికి పట్టింది. ప్రశ్న పూర్తయ్యేలోగానే పట్టింది. కనుక రోగి కాడు. రోగి కానివానికి మిషన్ ఇచ్చుట నిధుల దుర్వినియోగం."

"ఊపిరి ఆగిపోద్ది బాబూ!" అంది భద్రమ్మ.

"ఆ అంశం దరఖాస్తులో లేదమ్మా." ఆయన కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశారు. "ఇటు కూడా లేదు."

"సార్, నేను పరీక్ష చేసి రిపోర్టు జతపరిచాను" అన్నారు డాక్టరుగారు.

"మీది వైద్యం, మాది పథకం. రెంటినీ కలపరాదు" అని, ఆయన మొదటి అంశంలో ‘కాదు’ మీద గుర్తు పెట్టారు. తరవాత కొత్త కాగితం తీసి దాని మీద ఏదో రాసుకున్నారు. 

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. చింతలగరువు గ్రామ నివాసి నూకరాజును జిల్లా ఆదర్శ నిద్రాపరుడుగా నియమించడమైనదనీ, సదరు వ్యక్తి అన్ని పనిదినములలోనూ మండల కార్యాలయమునందు ప్రజలకు ఆదర్శంగా నిద్రించవలెననీ అందులో ఉంది. సంతకం కింద ముద్ర కూడా ఉంది. నూకరాజుకి శాలువా కప్పారు. కప్పుతుండగానే పడుకున్నాడు. చప్పట్లు మోగాయి.

సెలూను మూతపడింది. పది రోజుల్లో మా ఊళ్లో మగవాళ్లందరికీ గడ్డాలు పెరిగాయి. పొలాల్లో ఎవరు ఎవరో దగ్గరికెళ్తే గాని తెలిసేది కాదు.

పథకం ఊపందుకుంది. నిద్ర హాజరు పెట్టారు. రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఇద్దరు సిబ్బంది ఫోను పట్టుకుని ఇంటింటికీ వచ్చి తలుపు కొట్టేవారు.

"నిద్రపోయారాండీ?"

"పోయావండి."

"అయితే ఇందులో వేలు పెట్టండి."

మా వీధికి వచ్చేసరికి ఒక్కోరోజు పదకొండు దాటేది. హాజరు వేయించుకుని పడుకుందామని అందరం అరుగుల మీద కూచునేవాళ్లం. జిల్లాలో నూటికి తొంభై ఆరుగురు నిద్రించుచున్నారని నివేదిక పోయింది. తలుపు తీయనివాళ్లని నిద్రకు గైర్హాజరు అని రాశారు. అలా మూడు రోజులు వరసగా గైర్హాజరైనవాడు మా ఊళ్లో ఒక్కడే, బుల్లబ్బాయి. 

"బాబూ, నిజంగా పడుకుండిపోయేనండి! నా జన్మలో ఆ మూడ్రోజులే ఒళ్లెరక్కుండా నిద్రట్టింది!" అని మొత్తుకున్నాడు.

"సాక్ష్యం ఉందా?"

"పడుకున్నోడికి సాక్ష్యవేటండీ?"

"మేల్కొని వేలు పెట్టియుండవలసింది" అని, బుల్లబ్బాయిని నిద్రా శిక్షణకు పంపారు.

శిక్షణ ఇచ్చేది నూకరాజే. మండలాఫీసు హాల్లో వేదిక వేసి, నవారు మంచం మీద అతన్ని వెల్లకిలా పడుకోబెట్టారు. చుట్టూ కుర్చీల్లో నిద్ర సరిగా లేనివాళ్లు యాభై మంది, చేతిలో నోటు పుస్తకాలు. భోజనానికి ముందు సిద్ధాంతం, తరవాత ప్రాక్టికల్స్. విశ్వపతిరావుగారు బెత్తం పట్టుకుని స్వయంగా బోధించేవారు.

"గమనించండి. నోరు. ఎంత తెరుచుకుని ఉంది? రెండు వేళ్లు. రాసుకోండి. గురక. ఇది పొట్ట నుంచి వస్తోందా, ఛాతీ నుంచి వస్తోందా? నేపథ్యంలో ఈల గమనించారా? అది అనుభవం మీద గాని రాదు. నిరుత్సాహపడవద్దు."

ఇంతలో గురక ఆగిపోయింది.

"ఇది మౌనదశ" అన్నారాయన గొంతు తగ్గించి. "శ్వాస మీద కూడా ఆసక్తి లేని స్థితి. పూర్వం మునులకు ఉండేదని వింటున్నాం. మీరెవరూ వెంటనే ప్రయత్నించవద్దు."

"పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై... లేపండి బాబూ!" అని ద్వారం దగ్గర నుంచి భద్రమ్మ కేక. అందర్నీ తోసుకుంటూ వేదిక ఎక్కి మొగుడి భుజాలు పట్టి ఊపేసింది. నూకరాజు గుక్క తిప్పుకుని మళ్లీ గురక అందుకున్నాడు. 

"ఏవయ్యా, నా మొగుడేవైనా గుళ్లో బొమ్మా, చచ్చిపోతావుంటే సూసి రాసుకోడానికి?" అంది ఆవిడ అందరి వంకా తిరిగి. కొంతమంది పుస్తకాలు మూసేశారు. బుల్లబ్బాయి లేచి నిలబడ్డాడు.

మర్నాడు ఆవిడకి మెమో అందింది. ప్రభుత్వ నిద్రకు ఆటంకము కలిగించినందున సదరు భద్రమ్మను శిక్షణ హాలు ప్రవేశము నుండి నిషేధించడమైనదని. 

నన్ను మాత్రం ఉండనిచ్చారు. నేను ఏమీ మాట్లాడనని అందరికీ తెలుసు. మంచం పక్కన కింద కూచుని, ఇరవై వరకు లెక్కపెట్టి, మంచం కోడు తన్నేవాణ్ని. సాయంత్రం బయటికి రాగానే భద్రమ్మ, "ఎన్ని తన్నులన్నియ్యా?" అని అడిగేది. చెప్పేవాణ్ని. ఆ సంఖ్య పెరుగుతూ వస్తోంది. పగలంతా వెల్లకిలా పడుకోబెట్టి, పొట్టు మినప్పప్పు గారెలతో మర్యాదలు చేస్తుంటే పెరగక ఏం చేస్తుంది? నూకరాజు మొహం ఉబ్బింది. కాళ్లు వాచాయి. 

"నన్ను తీసేయమని సెప్పన్నా" అన్నాడొక రోజు దారిలో నాతో. "ఎంత పడుకున్నా నిద్ర సాల్టం లేదు." చెప్పి నడుస్తూనే తూగాడు. పట్టుకున్నాను.

భద్రమ్మ ఆఫీసు బయట మెట్ల మీద కూచుని విశ్వపతిరావుగారు వచ్చేటప్పుడొకసారి, పోయేటప్పుడొకసారి అడిగేది. "బాబుగోరూ, ఒక్క మిషనండి. నలభై మూలన పడున్నాయి కదండీ."

"జిల్లా ఆదర్శ నిద్రాపరుడికి నిద్రరోగమని తేలితే జిల్లా పరువేం కావాలమ్మా? మూడో స్థానంలో ఉన్నాం" అనేవారాయన.

ఆ నలభై మిషన్లు మూలన పడి ఉండడానికి కూడా కారణం ఉంది. అవి ఊపిరి ఆగేవాళ్లకి పనికొస్తాయి. కాని పథకం లెక్కలో రోగులంటే నిద్ర పట్టనివాళ్లు. వాళ్లకి ఇచ్చారు. అసలే నిద్ర పట్టనివాడి ముక్కుకి మాస్కు కట్టి గాలి కొడితే ఎలా పడుతుంది? ఒక్కొక్కరూ తెచ్చి తిరిగి ఇచ్చేశారు. 

అలా ఉండగా మంత్రిగారు వస్తున్నారని కబురు. తిరిగొచ్చిన మిషన్ల పంపిణీ ఆయన చేతుల మీదుగా మళ్లీ ప్రారంభం. వేదిక మీద ఒక లబ్ధిదారు మాస్కు పెట్టుకుని నిద్రపోతూ ఉండాలి, మంత్రిగారు మిషన్ మీట నొక్కాలి, ఫొటో తీయాలి. 

విశ్వపతిరావుగారు నమోదైన రోగుల్ని ముగ్గుర్ని, డాక్టరుగారిని పిలిపించి రిహార్సలు పెట్టారు. మొదటాయన రిటైరైన పోస్టుమాస్టరు. పడుకుని, మాస్కులోంచే, "ఈ పందిరి గుంజ సరిగా పాతలేదు" అన్నాడు. కళ్లు మూసుకోమంటే మూసుకుని, "ఇప్పుడింకా బాగా తెలుస్తోంది" అన్నాడు. రెండో ఆవిడ మాస్కు పెట్టగానే కేక వేసింది. మూడో ఆయన మూడు గంటలు కదలకుండా పడుకున్నాడు. పట్టిందేమోనని అందరూ కాళ్ల వేళ్ల మీద నడిచారు. చివర్న లేచి, "మీరు ఆఫీసు గోడ గడియారానికి కీ ఇవ్వడం మర్చిపోయారు" అన్నాడు.

విశ్వపతిరావుగారు ముగ్గుర్నీ పంపేశారు. "రేపు మంత్రిగారి ఎదుట ఎవరు నిద్రిస్తారు? మన జిల్లాలో ఎవరున్నారు?"

"నూకరాజు ఉన్నాడు కదా సార్" అన్నారు డాక్టరుగారు, ఏమీ ఎరగనట్టు.

"అతను రోగి కాడే!"

"రోగి అని ఎవరన్నారు? ప్రదర్శన. రోగం లేని మనిషి కూడా ఈ మిషన్‌తో సుఖంగా పడుకోగలడని మంత్రిగారికి చూపిస్తున్నాం." 

విశ్వపతిరావుగారు కాసేపు ఆలోచించి, "ప్రదర్శన నిమిత్తము అని రాయండి" అన్నారు గుమాస్తాతో. 

మర్నాడు ఉదయం పది గంటలకి సభ. పందిరి నిండా జనం. మా ఊరివాళ్లందరం గడ్డాలతో వెళ్లాం. ఏ ఆశ్రమంవాళ్లో అనుకుని పోలీసులు మావాళ్లని ముందు వరసలో కూచోబెట్టారు. నేను మాత్రం ఎప్పట్లాగే వేదిక మీద మంచం పక్కన కింద కూచున్నాను. డాక్టరుగారు మాస్కు పట్టీలు సరిచేసి, గాలి ఎంత కావాలో చూసి పెట్టి, నూకరాజుని పక్కకి తిప్పి పడుకోబెట్టారు. జిల్లా గురక రాష్ట్రమంతా వినాలని విశ్వపతిరావుగారు అతని నోటి దగ్గర మైకు పెట్టించారు. మంత్రిగారు మీట నొక్కారు. ఫొటో తీశారు. అందరూ చెవులు రిక్కించారు.

మైకులోంచి సన్నగా ఉస్సుమని గాలి చప్పుడు తప్ప ఏమీ రాలేదు. నిమిషం అయింది. రెండు అయ్యాయి. 

"ఏదయ్యా గురక?" అన్నారు మంత్రిగారు.

విశ్వపతిరావుగారు మైకు తట్టారు. మైకు బాగానే ఉంది. ఒంగి నూకరాజుని చూశారు. నోరు మూసుకుని ఉంది. "మౌనదశ సార్. సుదీర్ఘ మౌనదశ" అన్నారు. అని, నా వైపు చూసి కోడు తన్నమన్నట్టు కళ్లతో సైగ చేశారు. 

నేను తన్నలేదు. జనంలో భద్రమ్మ నిలబడి ఉంది. మొగుడి పొట్ట వంక చూస్తోంది. అది మెల్లగా లేస్తోంది, దిగుతోంది. ఆవిడ పెదాలు కదులుతున్నాయి గాని ఒకటి దాటి రెండు అనాల్సిన అవసరం రావడం లేదు. కాసేపటికి పెదాలు కదపడం మానేసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కింద కూచుండిపోయింది.

ఉపన్యాసాలు రెండున్నర గంటలు సాగాయి. నూకరాజు కదల్లేదు. చివర్న గుమాస్తా వందన సమర్పణకి లేచేసరికి కళ్లు తెరిచి, మాస్కు తీసి, లేచి కూచున్నాడు. అప్పటికి వేదిక మీద మంత్రిగారితో సహా అందరూ తూగుతున్నారు. కింద జనం ఒకరి మీద ఒకరు వాలి ఉన్నారు. వందన సమర్పణ మొదటి నుంచి చివరి దాకా విన్న మనిషి మా మండలంలో అంతవరకు ఒక్కడూ లేడు. నూకరాజు విన్నాడు. అయ్యాక చప్పట్లు కూడా కొట్టాడు, ఒక్కడే.

మర్నాటి నుంచి మూడు రోజులు సెలవు. రెండో శనివారం, ఆదివారం, సోమవారం ఏదో పండగ. గోడౌను తాళం ఉన్న మనిషి సభ మధ్యలోనే ఊరెళ్లిపోయాడు. "మంగళవారం తెచ్చి అప్పగించండి" అని డాక్టరుగారు మిషన్ని భద్రమ్మ చేతిలో పెట్టారు. అలా నాలుగు రాత్రులు అది వాళ్లింట్లో ఉంది. సోమవారం పొద్దున నూకరాజు సెలూను తలుపులు తీశాడు. గడ్డాలవాళ్లం వరస కట్టాం. తోడు వచ్చినవాళ్లు బల్ల మీద కూచుని "ఏవంటావు నూకరాజూ?" అంటే, "కాస్త నోరు ముయ్యండ్రా, పని సేసుకోనీండి" అన్నాడు. మా ఊళ్లో ఆ మాట విన్నవాళ్లు బయటివాళ్లకి చెప్పడానికి పరిగెత్తారు.

మంగళవారం మిషన్ అప్పగించడానికి ముగ్గురం వెళ్లాం. అప్పటికే అక్కడ విచారణ సిద్ధంగా ఉంది, డాక్టరుగారిని కూడా పిలిపించారు. మంత్రిగారి ఎదుట గురక పెట్టకపోవుట, అనుమతి లేకుండా మేల్కొనుట, వందన సమర్పణ వినుట అని మూడు అభియోగాలు.

"కూర్చో" అన్నారు విశ్వపతిరావుగారు. నూకరాజుని అదే కుర్చీలో కూచోబెట్టి ఫ్యాను వేయించారు. గుమాస్తా చేత పాత సర్క్యులర్లు చదివించారు. అరగంట అయింది. చదివే గుమాస్తా రెండుసార్లు ఆవలించాడు. నూకరాజు వింటున్నాడు. గంట అయింది. గుమాస్తా తల కాగితాల మీద వాలిపోయింది. 

"ఏడో పేరాలో ఉన్నదీ పదో పేరాలో ఉన్నదీ ఒకటే మాటండి. ఎందుకండీ రెండుసార్లు?" అన్నాడు నూకరాజు.

విశ్వపతిరావుగారు తల పట్టుకున్నారు. "డాక్టరమ్మా! ఏమిటిది? గత నెలలో ప్రశ్న పూర్తయ్యేలోగా నిద్రించిన మనిషి!"

డాక్టరుగారు గంభీరంగా నూకరాజు కళ్లలోకి చూశారు. నాడి పట్టుకున్నారు. "పగలు బొత్తిగా నిద్ర పట్టడం లేదు సార్" అన్నారు.

"అయితే మొదటి అంశం?"

"మొదటి అంశం ‘అవును’ అవుతుంది సార్. నిబంధన మూడు."

ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. నిజంగా బాధపడ్డారనే అనిపించింది. తరవాత కొత్త దరఖాస్తు తీసి, ‘అవును’ మీద గుర్తు పెట్టి, ఆదర్శ నిద్రాపరుడి హోదా రద్దు చేస్తున్నట్టు ఇంకో కాగితం మీద రాసి, శాలువా వెనక్కి తీసుకున్నారు.

"బాధపడకమ్మా" అన్నారు భద్రమ్మతో. "మంచి స్థితిలో ఉన్న మనిషి. ఎందుకిలా అయిందో తెలియదు. నేటి నుంచి నీ భర్త నిద్రరోగి. ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోదు. ఈ మిషన్ తీసుకెళ్లి రోజూ రాత్రి పెట్టు."

"సిత్తం బాబూ" అంది ఆవిడ. మిషన్ సంచిని రెండు చేతులతో పట్టుకుని, ఒక్క క్షణం ఆగి, "తగ్గిపోతే మళ్లీ ఇచ్చెయ్యాలాండీ?" అని అడిగింది.

"ఆరునెలలకొకసారి ఇక్కడ కూర్చోబెట్టి చూస్తాం. పగలు హాయిగా నిద్రపోయేదాకా మిషన్ మీదే. ఎన్నేళ్లయినా సరే."

భద్రమ్మ ఆయన కాళ్లకి దండం పెట్టబోయింది. ఆయన మొహమాటపడి వెనక్కి జరిగారు. 

మధ్యాహ్నం బస్సెక్కాం. జనం బాగా ఉన్నారు. వాళ్లిద్దరికీ కిటికీ పక్కన చోటు దొరికింది. వాళ్ల వెనక సీట్లో నేను. నూకరాజు కిటికీ కమ్మీ పట్టుకుని బయటికి చూస్తూ, "ఇదేవూరే? ఇక్కడ వంతెనుందా? ఈళ్లు సెరుకెప్పుడేశారే?" అని ఒకటే అడగడం. పాతికేళ్లుగా ఆ దారిన తిరుగుతున్నాడు గాని చూడడం అదే మొదలు. భద్రమ్మ మొదటి రెండు ఊళ్ల పేర్లు చెప్పింది. మూడోదానికి జవాబు రాలేదు. తిరిగి చూస్తే ఆవిడ అతని భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది. 

అతను అడగడం ఆపేశాడు. ఆ భుజం కదలకుండా బిగబట్టి కూచున్నాడు. 

"చింతలగరువు! చింతలగరువోళ్లు దిగాలి!" అని కండక్టరు అరిచాడు.

నూకరాజు వేలు నోటి మీద పెట్టుకున్నాడు. "మెల్లిగా బాబూ. ఈ బస్సు సివరి దాకా ఎల్లి మళ్లీ ఇటే కదా వత్తాది?"

"వత్తాది. రెండు గంటలు పడద్ది. ఏం?"

"అప్పుడు దిగుతాం. పడుకోనీ."

కండక్టరు ఆవిడ వంక ఒకసారి చూసి రైట్ అన్నాడు. బస్సు మా ఊరు దాటింది. నేనూ దిగలేదు. మిషన్ నా ఒళ్లో ఉంది.